పేరు తెలిస్తేనే దొరికే చిత్రాలు

1983లో ఒక పాతిక నిమిషాల తెలుగు చిత్రం తయారైంది. నలుపు తెలుపు, పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము. పేరు ‘ఇది కథ మాత్రమేనా’. దర్శకురాలు దీపా ధన్‌రాజ్, కెమెరా నవ్‌రోజ్ కాంట్రాక్టర్. యుగాంతర్ అనే చలనచిత్ర బృందం హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తీసింది. పెళ్ళయిన ఒక మధ్యతరగతి స్త్రీ ఇంట్లో పడే హింస దాని విషయం. ఇవాళ ఆ చిత్రాన్ని శుభ్రమైన ప్రతిలో చూడగలుగుతున్నామంటే బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సినిమా సంస్థ చలవే. యుగాంతర్ తీసిన చిత్రాలను ఆ సంస్థ డిజిటల్‌గా బాగుచేయించింది, వాటి కోసం ఒక వెబ్‌సైట్ కూడా ఏర్పడింది. తెలుగులో మాట్లాడే చిత్రం తెలుగువాళ్ళ ఫోన్లలోకి రావడానికి జర్మనీ మీదుగా తిరిగి రావలసి వచ్చింది.

అక్కడిదాకా వచ్చింది సరే. అమీర్‌పేటలో హాస్టల్ గదిలో కూర్చుని ఫోను చూసుకునే కుర్రాడికో అమ్మాయికో అది ఎదురయ్యే దారి ఏది? ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఇంతే. నిడివి తక్కువగా ఉండి, వ్యాపార సినిమా కాక, ప్రయోగమో డాక్యుమెంటరీయో రెంటికీ మధ్యదో అయిన చిత్రం ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ళకు దొరుకుతోందా, ముందే తెలిసినవాళ్ళకే దొరుకుతోందా? నాకు కనబడిన సాక్ష్యం రెండోవైపే మొగ్గుతోంది. అయితే నా దగ్గరున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే ఉదాహరణలు. వీటితో మొత్తం తెలుగు ప్రేక్షకుల అలవాట్ల మీద తీర్పు చెప్పడం కుదరదు. ఒక్కో చిత్రం ఏ చేతుల మీదుగా నడిచి వచ్చిందో చూపించడం మాత్రం కుదురుతుంది.

మైత్రీవనం దగ్గర

ఈ ప్రశ్నను అమీర్‌పేటలోని మైత్రీవనం దగ్గర అడగడానికి కారణముంది. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) హయాంలో వచ్చిన ఆ భవనం పేరు ఇప్పుడు ఒక భవనానికే పరిమితం కాలేదు, కంప్యూటర్ కోర్సులు చెప్పే ఆ పేటంతటికీ అదే పేరు. స్వర్ణజయంతి కాంప్లెక్స్, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లోని నీలగిరి, అన్నపూర్ణ బ్లాకులు, మెట్ల మీద బోర్డులు, బోర్డుల మీద బోర్డులు, చేతిలో కుక్కే కరపత్రాలు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ కాలం నుంచి నేటి డేటా సైన్స్ దాకా కోర్సులు మారాయి గాని పద్ధతి మారలేదు. డెమో క్లాసుకు రమ్మంటారు, నచ్చితే ఫీజు కట్టమంటారు. ఆ బోర్డుల్లో డిజిటల్ మార్కెటింగ్ ఒకటి. అందులో ఎస్.ఇ.ఓ. అని ఒక పాఠం ఉంటుంది. వెతికేవాడికి మన సరుకు మొదటి పేజీలో కనబడేలా చేసుకునే విద్య అది. అంటే, ఈ వ్యాసంలో నేను తడుముకుంటున్న విషయాన్ని ఆ మేడల మీద సిలబస్‌గా చెబుతున్నారు. చీరల దుకాణానికీ దంతవైద్యుడికీ ఆ విద్య అందింది. పాతిక నిమిషాల తెలుగు చిత్రానికి అందలేదు.

రెండో కారణం పాతది. అమీర్‌పేట అంటే కోర్సులు కాక ముందు ఇక్కడ సారథి స్టూడియో ఉంది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ని పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన మొదటి తెలుగు సినిమాగా చెబుతారు. దాని చిత్రీకరణ ఆ స్టూడియోలోనే. మద్రాసు నుంచి పరిశ్రమ తరలిరావడానికి అది తొలి మెట్టు. తర్వాతి కాలంలో అదే స్టూడియో ప్రివ్యూ థియేటర్లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ప్రదర్శనలు వేసింది. టికెట్టు అమ్మే హాల్లో పడని సినిమాలు సభ్యత్వం ఉన్నవాళ్ళకు అక్కడ పడేవి. ఫిల్మ్ సొసైటీ పద్ధతి ఎలా నడుస్తుందో గుర్తు చేసుకుంటే మన ప్రశ్నకు కొంత వెలుగు వస్తుంది. ప్రేక్షకుడు ఏమీ వెతకడు. కార్యదర్శి ఎక్కడో చదివి, ఏ రాయబార కార్యాలయానికో ఉత్తరం రాసి, రీళ్ళు తెప్పిస్తాడు. వెతుకులాట అతనిది, చూడడం మనది.

అంతకంటే మొరటైన పద్ధతి మరొకటి ఉండేది. ఫిల్మ్స్ డివిజన్ 1948లో ఏర్పడింది. అసలు సినిమాకు ముందు ప్రభుత్వం ఆమోదించిన న్యూస్‌రీలో చిన్న డాక్యుమెంటరీయో ప్రతి థియేటరూ వేసి తీరాలి. తెలుగు వ్యాఖ్యానంతో కూడా అవి వచ్చేవి. మన ఊళ్ళలో చాలామందికి ఆ పది నిమిషాలు బయట సిగరెట్టు కాల్చుకునే సమయం. అయినా, ఈ దేశంలో ప్రయోగాత్మక లఘుచిత్రానికి డబ్బు పెట్టింది, జనం మధ్యకు తెచ్చింది ఆ సంస్థే. 1967లో ఎం.ఎఫ్. హుస్సేన్ రాజస్థాన్ వెళ్ళి మాటల్లేకుండా తీసిన ‘త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్’కు బెర్లిన్ ఉత్సవంలో లఘుచిత్రాల గోల్డెన్ బేర్ వచ్చింది. అదే ఏడాది ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి ‘ఐ యామ్ 20’ తీశాడు. స్వాతంత్ర్యంతో పాటు పుట్టిన పిల్లలను ఇరవయ్యో ఏట కెమెరా ముందు కూర్చోబెట్టి, దేశం గురించి ఏమనుకుంటున్నారని అడిగిన చిత్రం అది. 1968లో ప్రమోద్ పతి ‘ఎక్స్‌ప్లోరర్’ వచ్చింది. అది కథా కాదు, ప్రచారమూ కాదు, కన్ను చెదిరేలా కత్తిరించి అతికిన బొమ్మల వరద. ఇవి చాలావరకు తర్వాత యూట్యూబ్‌లోకి చేరాయి. ఫిల్మ్స్ డివిజన్ మాత్రం 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.)లో కలిసిపోయింది.

అప్పుడు చూడక తప్పేది కాదు, ఇప్పుడు అడిగితే గానీ రాదు. మధ్యలో పోయింది అడగకపోయినా చూపించే మనిషి. అమీర్‌పేటలో పాత సత్యం థియేటర్ ఉన్న చోట 2023లో పెద్ద మల్టీప్లెక్స్ తెరుచుకుంది. అసలు సినిమాకు ముందు అక్కడ వచ్చేవి ప్రకటనలు.

ఒక శీర్షిక, 32 స్పెల్లింగులు

అడిగితే వస్తుంది అన్నాను. ఎలా అడగాలి?

‘ఇది కథ మాత్రమేనా’. మూడే మాటలు. మనలో ఎక్కువమంది ఫోనులో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతోనే కొడతారు. ‘ఇది’లో ‘ది’కి కొందరు ‘డి’ పక్కన ‘హెచ్’ పెడతారు, కొందరు పెట్టరు. ‘కథ’లోని ‘థ’కు ఒకరు ‘టి’తో మొదలుపెడితే మరొకరు ‘డి’తో. ‘మా’లో దీర్ఘానికి ‘ఎ’ ఒకటా రెండా? ‘త్ర’లో ‘హెచ్’ ఉండాలా అక్కర్లేదా? చివరి ‘నా’కు మళ్ళీ ‘ఎ’ ఒకటా రెండా? ఐదు చోట్ల రెండేసి దారులు. లెక్క వేస్తే 32 రూపాలు. ఇది ఊహ కాదు, గుణకారం. మాటల మధ్య ఖాళీ పెట్టడం, కలిపెయ్యడం లెక్కలోకి తీసుకుంటే ఇంకా పెరుగుతుంది. చిత్రాల సూచికల్లో కూడా ఈ శీర్షిక మొదటి మాట ‘హెచ్’తోనూ ‘హెచ్’ లేకుండానూ కనబడుతుంది.

సెర్చ్ ఇంజన్లు అక్షరదోషాలను సర్దుకుంటాయి కదా అంటే, నిజమే. కానీ అవి సర్దుకోవడం నేర్చుకునేది ఎక్కువమంది కొట్టే మాటల నుంచి. ‘బాహుబలి’ని ఎన్ని తప్పులతో కొట్టినా ‘బాహుబలి’యే వస్తుంది, కోట్లమంది ఆ తప్పులు ముందే చేసి ఉంచారు గనక. ఏడాదికి కొద్దిమంది వెతికే చిత్రానికి ఆ అదృష్టం తక్కువ. ఉన్న పేరుకే మళ్ళీ పేరొస్తుంది.

పోనీ తెలుగు లిపిలో వెతుకుదామా? యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మన డి.టి.పి. సెంటర్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అను లాంటి ఫాంట్లతో పనిచేశాయి. ఆ ఫాంట్లలో కొట్టిన పేజీ కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుట్ట. 1980లు, 90ల నాటి ప్రదర్శన కరపత్రాలు, చిన్న పత్రికల సమీక్షలు కాగితం మీదే ఉండిపోయాయి. తర్వాత కంప్యూటర్‌లో కూర్చినవాటిలో కూడా ఎన్నో ఇలా మూగవే. ఈ జబ్బుకు మందు కనిపెట్టినవాళ్ళలో వెన్న నాగార్జున ఒకరు. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో పునాది వేసింది ఆయనే. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే ఆయన పనిముట్టు పేరు ‘పద్మ’. ఆ పేరు గుర్తుంచుకోండి, ఇంకో పద్మ రాబోతోంది.

కథా, సాక్ష్యమా

స్పెల్లింగు కుదిరినా ఇంకో తలుపు ఉంది, అది వర్గం. ఏ సూచికైనా చిత్రాన్ని ఒక అరలో పెట్టాలి: కథాచిత్రం, డాక్యుమెంటరీ, ప్రయోగాత్మకం. ‘ఇది కథ మాత్రమేనా’ అన్న శీర్షికే ఆ అరను నిలదీస్తోంది. స్త్రీ శక్తి సంఘటన సభ్యుల చర్చల్లోంచి, స్త్రీలు తమ అనుభవాలు చెప్పుకోవడంలోంచి పుట్టిన కథ అది. నటనతో తీశారు గనక కథాచిత్రం అన్నది సాంకేతికంగా తప్పు కాదు. కానీ యుగాంతర్ తీసిన మిగతావి పుణే ఇంటిపని మనుషుల గురించి ‘మోల్‌కరిన్’, నిపాని పొగాకు కార్మికుల గురించి ఒకటి, చిప్కో ఉద్యమంలోని ఒక స్త్రీ గురించి ‘సుదేశ’. వాటి పక్కన పెడితే ఇది డాక్యుమెంటరీల కుటుంబంలోని ఆడపడుచు. డాక్యుమెంటరీ అని వెతికేవాడు దీన్ని దాటిపోవచ్చు. ‘తెలుగు షార్ట్ ఫిల్మ్’ అని వెతికేవాడు ఇంకెక్కడో తేలతాడు. ఎక్కడ తేలతాడో తర్వాత చూద్దాం.

ఇక్కడ ఒక పోలిక నాకు ముఖ్యంగా తోస్తుంది. స్త్రీ శక్తి సంఘటన 1978లో మొదలైంది. అదే బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ నోటితో చెప్పిన జీవితాలు అవి. 1989లో ఇంగ్లిష్‌లోనూ వచ్చింది. తెలుగులో స్త్రీవాదం గురించి రాసేవాళ్ళెవరూ ఆ పుస్తకాన్ని దాటి వెళ్ళలేరు. చిత్రం పుస్తకం కంటే మూడేళ్ళు పెద్దది. అదే బృందం, అదే దశాబ్దం, అదే భాష, ఒక రకంగా పద్ధతి కూడా అదే. అనుభవం చెప్పిన మనిషి మాటను కేంద్రంలో పెట్టడం. పుస్తకం తెలుగు చదువరుల నోట నిలిచింది. చిత్రం నిలవలేదు, కనీసం ఆ స్థాయిలో నిలవలేదు.

ఎందుకు? మొదటి జవాబు తేలిక. పుస్తకం చేతికి దొరుకుతుంది, పదహారు మిల్లీమీటర్ల ఫిల్ముకు ప్రొజెక్టరు కావాలి, దాన్ని మోసుకెళ్ళే మనుషులు కావాలి. యుగాంతర్‌వాళ్ళు అలాగే మోసుకెళ్ళి, చూపించి, చూసినవాళ్ళతో మాట్లాడారు. కానీ ఫిల్ము డిజిటల్‌గా మారాక ఆ అడ్డంకి పోయింది, తేడా మాత్రం పూర్తిగా పోలేదు. అందుకే రెండో జవాబు కూడా తూకం వేయాలి. పుస్తకానికి ముప్ఫై ఏళ్ళకు పైగా పోగైన చీటీలున్నాయి: గ్రంథాలయంలో కార్డు, సమీక్ష, సిద్ధాంత గ్రంథంలో అడుగు గమనిక, ఇంకో పుస్తకం వెనక పట్టిక. ప్రతి చీటీలోనూ శీర్షిక తెలుగులో, ఒకే స్పెల్లింగుతో. చిత్రానికి ఉన్న చీటీలు చాలావరకు ఇంగ్లిష్‌లో, చిత్రోత్సవాల పట్టికల్లో. ఇది నిరూపణ కాదు, ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు పిల్లల పోలిక. కాని ఇంత దగ్గరి పోలిక నాకు మరొకటి దొరకలేదు.

దీపా ధన్‌రాజే 1986లో తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ కూడా ఇదే దారిన వచ్చింది. 1984లో హైదరాబాద్ పాతబస్తీ మతకల్లోలాల చుట్టూ తీసిన చిత్రం అది. నిడివిలో పెద్దది గనక ఈ వ్యాసం పరిధిలోకి రాదు. దాన్ని కూడా డిజిటల్‌లోకి తెచ్చింది బెర్లిన్ ఆర్సెనలే. రెండు చిత్రాలు, ఒకే దర్శకురాలు, ఒకే ఊరు, ఒకే పరాయి తలుపు. దీన్ని బట్టి ఇక్కడ ఆసక్తి లేదనడం తొందరపాటు. ఫిల్మును చల్లగా దాచి, శుభ్రం చేసి, గీతలు తుడిచి, సబ్‌టైటిళ్ళు వేసి, హక్కుల కాగితాలు సరిచూసే ఖర్చూ జీతాలూ అక్కడ ఉన్నాయి. అంతవరకే ఈ సాక్ష్యం చెబుతుంది.

సంఘం షాట్

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాని వెనక ఉన్న పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన మనిషి. 2023లో చనిపోయాడు. ఈ సంస్థ పుట్టకముందు, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ పేరుతో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు వేసిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో పల్లె అంటే కింద కూర్చుని తెర చూసేది. పస్తాపూర్‌లో 1990ల చివర ఆ దిక్కు తిరగబడింది. చదువు రాని దళిత స్త్రీలు, వ్యవసాయ కూలీలు, వీడియో కెమెరా నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. 2008లో మాచునూరులో సంఘం రేడియో కూడా మొదలైంది.

వాళ్ళు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు సినిమా స్కూళ్ళలో పాఠం చెప్పదగ్గవి. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, దొర కూలీని చూసే చూపు అది. కింద నుంచి పైకి చూసేది బానిస షాట్. ఎదురెదురుగా, కళ్ళు ఒకే ఎత్తులో ఉంటే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు. లో యాంగిల్, హై యాంగిల్ అన్న మాటలు కెమెరా ఎక్కడుందో చెబుతాయి. ఈ మాటలు కెమెరా ఎవరిదో చెబుతాయి. ప్రయోగాత్మక వీడియో అంటే తెర మీద రంగులు కలవడమే అనుకునేవాళ్ళు ఒకసారి ఇక్కడ ఆగాలి. రూపం గురించి ఇంత సూటిగా ఆలోచించి తీసినదాన్ని ప్రయోగం కాదనడానికి నాకు కారణం కనబడదు.

బీటీ పత్తికి 2002లో కేంద్రం అనుమతి ఇచ్చింది. మొదటి పంట కాలంలో వరంగల్ రైతుల అనుభవాన్ని ఈ స్త్రీలు వెంటాడి తీసిన చిత్రం 2003లో వచ్చింది. అందులో రైతులు తెలుగులో మాట్లాడతారు, అడిగేవాళ్ళు తెలుగువాళ్ళు, తీసేవాళ్ళు తెలుగువాళ్ళు. లోకానికి అది ఎక్కువగా తెలిసింది ‘వై ఆర్ వరంగల్ ఫార్మర్స్ యాంగ్రీ విత్ బీటీ కాటన్’ అన్న ఇంగ్లిష్ పేరుతో. అప్పట్లో దానికి కారణముంది. వాళ్ళ వాదన ప్రపంచ వేదికల మీద వినిపించాలి, వినిపించింది కూడా. కానీ వరంగల్ రైతు మనవడు ఇవాళ ‘పత్తి రైతుల గోస’ అని తెలుగులో కొడితే ఆ ఇంగ్లిష్ పేరుకు దారి ఏది? ‘సంఘం షాట్’ అన్న మాట కూడా ఎక్కువగా ఇంగ్లిష్ వ్యాసాల్లోనే తిరుగుతోంది. చదువు రాని తెలుగు స్త్రీలు కనిపెట్టిన తెలుగు సినిమా పదజాలాన్ని ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు ముందు తెలుసుకున్నారు. ఇందులో ఎవరి తప్పూ వెతకడం లేదు, జరిగింది చెబుతున్నాను.

రెండో పద్మ

2008లో ‘పద్మ’ పేరుతో ఒక వీడియో భాండాగారం ఇంటర్నెట్‌లో మొదలైంది. పబ్లిక్ యాక్సెస్ డిజిటల్ మీడియా ఆర్కైవ్ అన్న ఇంగ్లిష్ పేరుకు పొట్టి రూపం. ముంబయిలోని క్యాంప్, మజ్లిస్, పాయింట్ ఆఫ్ వ్యూ, బెంగళూరులోని ఆల్టర్నేటివ్ లా ఫోరమ్, బెర్లిన్ మిత్రులు కొందరు కలిసి కట్టారు. 2013లో భారతీయ సినిమాల కోసం ఇంకో చెల్లెలు వచ్చింది.

పద్మ ప్రత్యేకత ఏమిటంటే, ఇది పూర్తయిన చిత్రాల అంగడి కాదు. కత్తిరించి పక్కన పడేసిన ఫుటేజీ కూడా ఇందులో ఉంటుంది. ప్రతి ముక్కకూ కాలం ప్రకారం రాత ఉంటుంది. ఫలానా నిమిషంలో ఎవరు ఏమన్నారు, అది ఏ చోటు, వెనక ఏ చప్పుడు, చూసినవాడికి ఏమనిపించింది. మనం వెతికేది ఆ రాతలో. ఒక మాట కొడితే ఆ మాట పలికిన క్షణానికే వీడియో తెరుచుకుంటుంది. పుస్తకం వెనక ఉండే పదసూచిక వీడియోకు పెడితే ఎలా ఉంటుందో అలా. పేరు తెలియకపోయినా దొరికే పద్ధతి ఒకటి ఉందని ఇది చూపిస్తోంది. అయితే ధర ఉంది. గంట వీడియోకు అలా రాయాలంటే ఒక మనిషి గంటల తరబడి కూర్చోవాలి, భాష తెలిసి ఉండాలి.

హైదరాబాద్ కేంద్రంగా 2011లో యూట్యూబ్‌లో మొదలైన దళిత్ కెమెరా దగ్గర ఇదే సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. విశ్వవిద్యాలయ విద్యార్థులు, పరిశోధకులు నడిపిన ఆ ఛానల్‌లో సభలు, సాక్ష్యాలు, పెద్దగా కత్తిరింపులు లేని సంభాషణలు పోగయ్యాయి. కెమెరా కదలదు, మనిషి మాట్లాడుతూ పోతాడు. కళ అని వాళ్ళు చెప్పుకోలేదు. కానీ ఎడిటింగు పెట్టకపోవడం కూడా ఒక నిర్ణయమే, టీవీ చర్చల్లో ముప్ఫై సెకన్లకు మించి మాట్లాడనివ్వని మనిషికి అరగంట ఇవ్వడం. అయితే ఆ అరగంటలో పదిహేడో నిమిషంలో ఏముందో శీర్షిక చెప్పలేదు. అక్కడే పద్మలో ఉన్న రాత పద్ధతి అవసరం.

‘షార్ట్’ అన్న మాటకు పట్టిన గతి

మన దగ్గర ‘షార్ట్ ఫిల్మ్’ అంటే గత పదిహేనేళ్ళుగా స్థిరపడిన అర్థం ఒకటుంది. సినిమా దర్శకుడు కావాలనుకునేవాడు నిర్మాతకు చూపించే నమూనా. ఎగతాళిగా అనడం లేదు. తరుణ్ భాస్కర్ లఘుచిత్రాలు తీసి, 2016లో ‘పెళ్ళి చూపులు’తో జాతీయ పురస్కారం దాకా వెళ్ళాడు. ఆ దారిలో వెళ్ళినవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ ఆ అర్థం ఎంత బలపడిందంటే, లఘుచిత్రం దానికదే ఒక రూపం అన్న మాట వినబడకుండా పోయింది. నిచ్చెన మీద నిలబడి నిచ్చెననే చూసేవాళ్ళు తక్కువ.

దాని మీద ఇంకో పొర పడింది. 2012లో యూట్యూబ్ సిఫార్సు పద్ధతి మార్చుకుంది, ఎన్నిసార్లు నొక్కారన్నది కాక ఎంతసేపు చూశారన్నది ముఖ్యమైంది. ఏడు నిమిషాల మౌన చిత్రానికి ఈ లెక్క అనుకూలించదని అనుమానించవచ్చు. అనుమానమే, ఆ యంత్రం లోపల ఏ పాళ్ళలో ఏం కలుపుతారో బయటివాళ్ళం కొలిచి చెప్పగలిగేది కాదు. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధం, సెప్టెంబరులో మన దేశంలోనే మొదటిసారిగా యూట్యూబ్ షార్ట్స్ ప్రయోగం. ఇవాళ ‘తెలుగు షార్ట్’ అని కొట్టినవాడి ఉద్దేశం నిలువు తెర మీద చిన్న వీడియో అని యంత్రం అనుకుంటే దాన్ని తప్పుపట్టలేం. మాటే చేతులు మారింది. ‘వీడియో ఆర్ట్’కు మనకు స్థిరపడిన తెలుగు మాట లేనే లేదు. ‘వీడియో కళ’ అంటే పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళను తక్కువ చేయడానికి కాదు గాని, వెతికేవాడికి అది పనికిరాదు.

ఇంతవరకు చెప్పినదానికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ‘ఐ యామ్ 20’ని ఫిల్మ్స్ డివిజన్ అంటే ఏమిటో తెలియని కుర్రాళ్ళు చూసి ఒకరికొకరు పంపుకోవడం జరుగుతూనే ఉంది. అంటే పేరు తెలియకుండా దొరకడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే ఆ చిత్రానికి మూడు సదుపాయాలున్నాయి. శీర్షిక ఇంగ్లిష్‌లో ఉంది, స్పెల్లింగుకు ఒకటే దారి. అందులో మాట్లాడినవాళ్ళలో చాలామంది భాష కూడా ఇంగ్లిషే. పైగా ప్రతి ఆగస్టు 15కీ దాన్ని పంచుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది. ఈ మూడూ లేని తెలుగు చిత్రం అలా దానంతట అది చేతులు మారిన ఉదాహరణ నా కంట పడితే నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను.

ఇంకో అభ్యంతరం: అడ్డం పేరు కాదు, ఆసక్తి. చూడాలనుకునేవాళ్ళే లేరు, సూచిక రాసి ఏం లాభం? దీనికి జవాబు ‘మనకు తెలియని మన చరిత్ర’. ఆ పుస్తకానికి చదువరులున్నారు. వాళ్ళలో సగంమందైనా ఆ బృందమే తీసిన చిత్రాన్ని చూడడానికి పాతిక నిమిషాలు కేటాయించరని అనుకోవడానికి ఆధారం లేదు. అలాంటిది ఒకటుందని వాళ్ళకు తెలుగులో చెప్పినవాళ్ళు తక్కువ, అంతే.

నేను చూసిన ప్రతి ఉదాహరణలోనూ చిత్రానికీ ప్రేక్షకుడికీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఫిల్మ్ క్లబ్ కార్యదర్శి, ప్రొజెక్టరు మోసినవాళ్ళు, బెర్లిన్‌లో గీతలు తుడిచినవాళ్ళు, నిమిషం నిమిషానికీ రాత రాసినవాళ్ళు. ఇంటర్నెట్ వచ్చాక ఆ మనిషి అక్కర్లేదనుకున్నాం. మైత్రీవనం మేడల మీద డేటాబేస్ క్లాసులో మొదటి వారమే చెబుతారు, ఇండెక్స్ లేని పట్టికలో వెతకాలంటే మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదువుకుంటూ పోవాలని.

కాబట్టి ఒక విన్నపం. 1980లు, 90లలో ఏ సంఘం తరఫునో, ఏ కాలేజీ తరఫునో, ఏ ఉద్యమంలోనో మీరు తీసిన, నటించిన, ప్రొజెక్టరు పట్టుకుని తిప్పిన చిన్న చిత్రం ఏదైనా ఉంటే, క్యాసెట్టు బూజు పట్టిపోయినా సరే, నాలుగు వరుసలు రాసి పెట్టండి. తెలుగు లిపిలో శీర్షిక, ఇంగ్లిష్ అక్షరాల్లో మీరు వాడిన స్పెల్లింగు, ఏ సంవత్సరం, ఏ ఊరు, కెమెరా ఎవరు పట్టారు, ఎవరు మాట్లాడారు, ఎన్ని నిమిషాలు. యూనికోడ్‌లోనే కొట్టండి, అనులో వద్దు. తెలుగు వికీపీడియాలో పెడతారో, పత్రికకు ఉత్తరంగా రాస్తారో మీ ఇష్టం. మైత్రీవనంలో కోర్సు చేస్తున్న పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే ఆ కొట్టే పని వాళ్ళకు అప్పగించండి, అరగంటలో అయిపోతుంది.